ముట్టుకాడులో కయాకింగ్ మొదలుపెట్టాలంటే: పడవ ఆఖరున కొనండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నవలూరులో ఇల్లు, షోలింగనల్లూరులో ఆఫీసు. చెన్నై వచ్చి ఆరేళ్లయినా అపార్ట్‌మెంటు గేటు దాటితే పేరుపెట్టి పలకరించే మనిషి లేడన్నారు. ఈతకొలనులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్లగలరు, లోతంటే మాత్రం భయం. ఆన్‌లైన్‌లో గాలి నింపుకునే కయాక్ తక్కువ ధరకి కనబడింది, కొనేసి ముట్టుకాడులో దింపితే ఎలా ఉంటుంది, ఎనిమిదేళ్ల పాపని కూడా ఎక్కించుకోవచ్చా అని అడిగారు.

ఇప్పుడప్పుడే కొనకండి. నేను నెల్లూరు జిల్లా నుంచి వచ్చి నీలాంగరైలో స్థిరపడిన మనిషిని, ఈ నీళ్ల మీద తెడ్డు వేయడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. ఈ పన్నెండేళ్లలో నేను చూసినది ఒకటే: ముందు పడవ కొన్నవాళ్లలో ఎక్కువమంది మూడోసారి తర్వాత రాలేదు. ముందు ఆ నీళ్లతో, ఆ ఒడ్డున బతికే మనుషులతో పరిచయం పెంచుకున్నవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. మీ అసలు ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి, కయాక్ ఒకటి, ఒంటరితనం ఒకటి. రెండింటికీ జవాబు ఒకే ఒడ్డున దొరుకుతుందని నా నమ్మకం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదట ముట్టుకాడు ఏమిటో తెలియాలి. చెన్నై నుంచి దక్షిణానికి ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కారులో వెళ్తూ చూస్తే చెరువులా కనిపిస్తుంది. అది చెరువు కాదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే బకింగ్‌హాం కాలువ, పడమటి చెరువుల నుంచి దిగే వాననీళ్లు, తూర్పున బంగాళాఖాతం, మూడూ కలిసే చోటు అది. ఆ రోడ్డు బ్రిడ్జికి తూర్పున ఇసుక తిన్నె మధ్య సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ఉంటుంది. కొన్ని నెలలు ఇసుక పేరుకుని అది మూసుకుపోతుంది, వానలొస్తే తెగుతుంది. తెరిచి ఉన్న రోజుల్లో రోజుకి రెండుసార్లు పోటు, అంటే నీళ్లు ఎక్కడం, రెండుసార్లు పాటు, అంటే దిగడం. చెన్నై తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా పెద్దదేమీ కాదు, సుమారు ఒక మీటరు. కానీ అంత వెడల్పు నీళ్లలో ఆ ఒక్క మీటరు ఎత్తు నీరూ బ్రిడ్జి కింది ఇరుకులోంచే బయటికి పోవాలి. అక్కడే ప్రమాదం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మొదలుపెట్టిన ఏడాది, ఒక ఫిబ్రవరి ఉదయం, అద్దె కయాక్ మీద ఒక్కదాన్నే బ్రిడ్జి వైపు వెళ్లాను. తెడ్డు తేలిగ్గా పడుతోంది, పడవ దానంతటదే సాగుతోంది, నాకు బాగా వచ్చేసిందనుకున్నాను. బ్రిడ్జి దాటాక ఎదురుగా అలలు విరుగుతున్న తెల్లటి గీత కనబడింది. వెనక్కి తిప్పాను. ఎంత వేసినా పక్కనున్న స్తంభం పక్కనే ఉంది. చేతులు పట్టేశాయి, గొంతు ఎండిపోయింది, కేక కూడా రాలేదు. వేట ముగించుకుని లోపలికి వస్తున్న ఫైబర్ పడవలోంచి ఒక పెద్దాయన తాడు విసిరారు. లాక్కెళ్తూ ఆయన అడిగింది ఒకే మాట: "తణ్ణి ఎరంగుదు, తెరియలయా అక్కా?" నీళ్లు దిగుతున్నాయి, కనబడలేదా అని. ఒడ్డుకి చేరాక ఆయనే బ్రిడ్జి స్తంభం చూపించారు. నీటిమట్టానికి పైన కాంక్రీటు తడిగా, నల్లగా ఒక పట్టీలా ఉంటే నీళ్లు దిగుతున్నట్టు. నీటి అంచు దాకా కాంక్రీటు పొడిగా ఉంటే నీళ్లు ఎక్కుతున్నట్టు. ఏ యాప్ అయినా సముద్రం లెక్కే చెబుతుంది, లోపలి నీళ్లు దానికంటే ఆలస్యంగా కదులుతాయి. స్తంభం మాత్రం మీరు నిలబడ్డ చోటు సంగతే చెబుతుంది. ఇప్పటికీ పడవ దింపే ముందు నేను మొదట చూసేది ఆ స్తంభాన్నే.

మన ఇళ్లలో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు కూడా పనికొస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రోజుల్లో పోటు పాట్లు బలంగా ఉంటాయి, అష్టమి దాటిన రోజుల్లో నెమ్మదిస్తాయి. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి నెల అష్టమి, నవమి దగ్గరి ఉదయాలే ఎంచుకోండి. మంచి పనికి అష్టమి పనికిరాదని మా అమ్మ అంటుంది గానీ, తెడ్డు నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచి రోజు లేదు.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున నేల నుంచి సముద్రం వైపు, అంటే పడమటి నుంచి తూర్పుకి గాలి ఉంటుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి కాబట్టి గాలే లేదనిపిస్తుంది. కానీ అది మిమ్మల్ని మెల్లగా ముఖద్వారం వైపే నెడుతుంది. పాటు కూడా అప్పుడే ఉంటే రెండూ ఒకే దిక్కుకి లాగుతాయి. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరుగుతుంది, తూర్పు నుంచి లోపలికి కొడుతుంది. అప్పుడు కేళంబాక్కం వైపు హాయిగా వెళ్లిపోతారు, తిరిగి వచ్చేటప్పుడు ప్రతి మీటరుకీ మూల్యం చెల్లించాలి. కొత్తవాళ్ల వేగం గంటకి నాలుగు కిలోమీటర్లు ఉంటే గొప్ప, గట్టి ఎదురుగాలి దాన్ని పూర్తిగా తినేస్తుంది. అందుకని రెండు అలవాట్లు చేసుకోండి: ఆరింటికల్లా నీళ్ల మీద ఉండి ఎనిమిదిన్నరకి ఒడ్డెక్కేయడం, ఎప్పుడూ బ్రిడ్జికి వీపు పెట్టి లోపలి వైపే వెళ్లడం. ముఖద్వారం వైపు సరదాకి కూడా వద్దు.

గాలి నింపే కయాక్ వద్దనడానికి కారణం ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. అది నీటికి పైన ఎక్కువ తేలుతుంది, నీళ్లలోకి తక్కువ దిగుతుంది. గాలికి ఎండుటాకులా కొట్టుకుపోతుంది. పైగా ఈ బ్యాక్‌వాటర్‌లో రాళ్లకీ పాత స్తంభాలకీ ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి, బ్లేడులాంటి అంచులు. చెప్పులు లేకుండా దిగితే కాలు తెగుతుంది, రబ్బరు సంగతి చెప్పక్కర్లేదు.

నేర్చుకోవడానికి కోవళం వైపు సర్ఫింగ్, కయాకింగ్ నేర్పే బడులున్నాయి. వాటిలో నేర్పేవాళ్లు చాలామంది అక్కడి మత్స్యకార కుటుంబాల్లో పుట్టిన కుర్రాళ్లే. అలను చూసి లోతు చెప్పగలరు. ముట్టుకాడు బోట్‌హౌస్ తమిళనాడు పర్యాటక సంస్థది, అక్కడ ఎక్కువగా మోటారు పడవల షికారు. ఆ పడవలు తిరిగే దారికి దూరంగా ఉండండి, అవి లేపే అల కొత్తవాళ్లని పక్కకి పడేస్తుంది. మద్రాస్ బోట్ క్లబ్ 1867 నుంచి ఉంది, కానీ అది అడయారు నది మీద రోయింగ్ లోకం, సభ్యత్వం వ్యవహారం. మీ అవసరం అది కాదు.

మొదటి తరగతికి వెళ్లగానే ఒకటి అడగండి: "నన్ను ముందు పడేయండి." మీలాంటి లోతు భయానికి ఇదొక్కటే మందు. పైన కూర్చునే రకం కయాక్‌లో కాళ్లు ఇరుక్కునే ప్రశ్న లేదు, తిరగబడితే మీరు నీళ్లలో, అది పక్కన. పడవని వదలకండి, ఇదే మొదటి నియమం. ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది, ఈదేద్దామనిపిస్తుంది, వద్దు. పడవ తేలుతుంది, దూరానికి కనబడుతుంది. దాన్ని సరిగ్గా తిప్పుకుని, మధ్యకి వచ్చి, రెండు చేతులూ అడ్డంగా వేసి, కాళ్లు నీటి ఉపరితలానికి తెచ్చి గట్టిగా తన్నండి. పొట్ట పడవ మీద అడ్డంగా పడుతుంది. అలా కాసేపు ఊపిరి పీల్చుకుని, వెల్లకిలా తిరిగి కూర్చుని, అప్పుడు కాళ్లు లోపలికి. పైకి ఎక్కడానికి చేతుల బలం వాడాలని చూసేవాళ్లు అలసిపోతారు, పని చేసేది కాళ్లే. గుండె లోతులో పదిసార్లు, తర్వాత కాళ్లందని చోట శిక్షకుడు పక్కనుండగా ఐదుసార్లు. పదిహేనోసారికి మీ భయం ఎంత మిగిలిందో మీరే చూసుకోండి.

లైఫ్ జాకెట్ గురించి నేను ఎవరితోనూ రాజీ పడను. వేసుకుని బకిల్స్ అన్నీ బిగించాక, ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా వచ్చేస్తే మీ కొలత కాదు, మార్చండి. జాకెట్ మనల్ని తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతారు. బాగా ఈత వచ్చినవాళ్లు వాడే పలుచటి రకం 50 న్యూటన్లది. మీరు ప్రస్తుతానికి 100 న్యూటన్లది అడగండి, కాస్త లావుగా ఉన్నా సరే. దానికి ఒక విజిల్ కట్టి ఉండాలి. ఫోను నీళ్లు చొరబడని సంచిలో, మెడలో. అందులో రెండు నంబర్లు: తీరరక్షక దళానిది 1554, తమిళనాడు తీర భద్రతా పోలీసులది 1093. బయల్దేరే ముందు రాత్రి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచన చూడండి. ఎక్కడో దూర సముద్రంలో పుట్టిన ఉప్పెన అలలు గాలి లేని రోజు కూడా తీరాన్ని కొడతాయి, వాటి హెచ్చరిక అందులోనే వస్తుంది.

సముద్రంలోకి నేరుగా కయాక్ దించే ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోకండి. బెసంట్ నగర్ బీచ్‌లో తెల్లటి ష్మిట్ స్మారకం చూసే ఉంటారు. 1930లో మునిగిపోతున్నవాళ్లని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడిది. సముద్రం తెలిసిన మనిషికే అలా జరిగింది. ఆ తీరం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు చివరిదాకా ఈశాన్య రుతుపవనాల కాలం, మానేయండి. మొదటి పెద్ద వానలకి ఊళ్లోని మురుగంతా కాలువల్లోంచి ఇక్కడికే వస్తుంది. వాన పడ్డాక కనీసం వారం ఆగకుండా నేను దిగను. కాలికి చిన్న గాయం ఉన్నా సరే, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) అలాంటి నీళ్లలోంచే వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. కేళంబాక్కం ఉప్పు మడుల వైపు ఫ్లెమింగోలు కనిపించే రోజులుంటాయి, దూరం నుంచే చూడండి. వాటి వైపు తెడ్డు వేస్తే అవి లేచిపోతాయి, మేత పోతుంది. రోహిణి కార్తెలో వెళ్తే ఏడున్నరకే వెనక్కి రండి, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకెళ్లండి.

ఇక మనుషులు. మన నెల్లూరు తీరంలో మత్స్యకారుల పల్లెని పట్టపుపాళెం అంటామే, ఇక్కడ అదే కుప్పం. కుప్పానికి పెద్దలుంటారు, ఊరి పంచాయతీ ఉంటుంది, ఎవరి వల ఎక్కడ పడాలో వాళ్లలో వాళ్లకి లెక్క ఉంటుంది. మనకి ఖాళీ నీళ్లలా కనిపించే చోటు వాళ్లకి పని జరిగే చోటు. వరసగా బెండ్లు తేలుతుంటే కింద వల ఉన్నట్టే. దాని మీదుగా కాదు, చివరిదాకా వెళ్లి చుట్టి రండి. పడవకీ వలకీ మధ్యలోంచి వెళ్లకండి. విసురు వల పట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే దూరంగా ఆగిపోండి, మీ తెడ్డు చప్పుడుకే చేప చెదిరిపోతుంది. బకింగ్‌హాం కాలువ వెంట ఇరుళర్ అనే గిరిజనులు చేతులతో బురద తడిమి రొయ్యలు పడతారు. మెడ దాకా నీళ్లలో ఉండి, తాటాకు బుట్ట పళ్లతో కరుచుకుని. తల తప్ప ఏమీ కనబడదు. కయాక్ చప్పుడు చేయదు కాబట్టి మనం వస్తున్నట్టు వాళ్లకి తెలియదు. దూరం నుంచే పలకరిస్తూ రావాలి.

నేను ఒకసారి ఒక పీత వల చించాను. చీకటి విడవకముందే వెళ్లి బెండ్లు చూసుకోలేదు. ఆగి, ఆ కుటుంబం ఎవరో కనుక్కుని, వాళ్లింటికి వెళ్లి డబ్బు ఇచ్చాను. వల బాగుచేసేటప్పుడు ఆ ఇంటావిడ పక్కన కూర్చున్నాను. ఆ పూట వేట పోయింది వాళ్లకి, నేను కూర్చోవడం వల్ల అది తిరిగి రాదు. కానీ ఆ రోజు నుంచి ఆ ఒడ్డున నాకో పేరుంది. ఇప్పుడు నేను రెండు వారాలు కనబడకపోతే ఫోను చేసేది ఆవిడే.

మీరు పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద ఉంటారు కాబట్టి 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. 2015 డిసెంబరు వరదలప్పుడు మీరు ఇక్కడ లేరు. రెండుసార్లూ మునిగిన వీధుల్లోకి మత్స్యకారులు తమ పడవలు తెచ్చి జనాన్ని బయటికి తీశారు. లారీల మీద పడవలు ఎక్కించుకుని వచ్చారు. మనం ఏ వలల మీదుగా సరదాగా తెడ్డు వేసుకుంటూ పోతామో ఆ వలల మనుషులే వాళ్లు. అందుకే ఒడ్డున మనం వాడే మాట కూడా చూసుకోవాలంటాను. "అన్నా, ఇన్నిక్కి కాత్తు ఎప్పడి?" అని అడగండి, ఈరోజు గాలి ఎలా ఉందని. మీ తమిళం తప్పులతో ఉన్నా ఫర్వాలేదు, జవాబు మాత్రం ఏ సూచనలోనూ దొరకనిది వస్తుంది. "అంగ వలై ఇరుక్కా?" అనేది రెండో వాక్యం, అక్కడ వల ఉందా అని. వాళ్లు వద్దన్న రోజు దిగకండి, కారణం అడక్కండి. డిసెంబరు 26న అసలు వెళ్లకండి. 2004 సునామీలో పోయినవాళ్ల కోసం ఆ రోజు తీరమంతా వేట మానేసి సముద్రానికి పాలు పోస్తుంది, పూలు వేస్తుంది. వెళ్తే ఒడ్డున నిలబడటానికి వెళ్లండి.

ఇంకో దారి కూడా చెప్తాను, తెడ్డు పట్టకముందే మనుషులు దొరికే దారి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చెన్నై బీచ్‌లలో గుడ్లు పెడతాయి. విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందం 1988 నుంచి రాత్రిళ్లు నీలాంగరై, బెసంట్ నగర్ మధ్య ఇసుకలో నడుస్తూ ఆ గుడ్లని జాగ్రత్త చేస్తోంది. మామూలు జనం కూడా ఆ నడకలకి వెళ్లొచ్చు. ఆరేడు కిలోమీటర్లు చీకట్లో పక్కపక్కన నడిచినవాళ్లు తెల్లారేసరికి కొత్తవాళ్లుగా ఉండరు. నా కయాకింగ్ జట్టులో సగంమంది నాకు అక్కడ దొరికినవాళ్లే.

మనకి ఈ నీళ్ల మీద కొత్తదనమేమీ లేదని కూడా చెప్పాలనిపిస్తోంది. మా నాన్నమ్మ చిన్నప్పుడు మా తీరం నుంచి సరివి కట్టెలు, ఉప్పు ఈ బకింగ్‌హాం కాలువ మీదే మద్రాసు వచ్చేవి. కాలువ పని 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య మొదలైంది. ఉత్తరాన పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసింది. మద్రాసు నగరం మధ్య కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క 1877-78లో, ధాత కరువులో తిండి లేని జనానికి కూలి పనిగా తవ్వించారు. ఆ జనం తవ్విన కాలువ అది. దక్షిణాన అదే కాలువ ముట్టుకాడు దాకా వస్తుంది. 2008లో దాన్ని కాకినాడ, పుదుచ్చేరి జలమార్గంలో భాగంగా ప్రకటించారు, నగరంలో మాత్రం చాలాచోట్ల మెట్రో రైలుకి ముందే వచ్చిన ఎంఆర్‌టీఎస్ అనే ఎత్తు రైలు మార్గం స్తంభాలు దానిలోనే నిలబడి ఉన్నాయి. ముట్టుకాడులో తెడ్డు వేసేటప్పుడు ఇదే నీటిదారి పైకి పోతే మా ఊరు అన్న ఆలోచన నాకు ప్రతిసారీ వస్తుంది.

కొనడం గురించి చివరికి: పది పన్నెండు ఉదయాలు అద్దె పడవ మీద గడిపాక ఆలోచించండి. అప్పుడు మూడు మీటర్లకి కాస్త పైన ఉన్న గట్టి ప్లాస్టిక్‌ది, పైన కూర్చునే రకం, 220 నుంచి 230 సెంటీమీటర్ల తెడ్డు. పాతికకిలోలుంటుంది, మీ అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు. అప్పటికి ఒడ్డున మీకు తెలిసినవాళ్లుంటే వాళ్ల కొట్టంలో చోటు దొరుకుతుంది. నాది ఎనిమిదేళ్లుగా ఒక వలల కొట్టంలోనే ఉంది, నెలకింత అని ఇస్తాను. పరిచయం లేకుండా కొన్నవాళ్ల పడవలు బాల్కనీల్లో ఎండిపోవడం చూశాను.

పాప సంగతి. ఎక్కించుకోవచ్చు, మీరు తిరగబడి మళ్లీ ఎక్కడం నేర్చుకున్నాకే. ఇద్దరు కూర్చునే కయాక్, పాప ముందు. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ బిగించి సరిపెట్టకండి. పాప బరువుకి తగిన పిల్లల జాకెట్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కావాలి. నడుము లోతు దాటొద్దు, అరగంట దాటొద్దు, పొడి బట్టలు ఒడ్డున సిద్ధంగా ఉండాలి. తన చేతికీ చిన్న తెడ్డు ఇవ్వండి. బయల్దేరే ముందు లోతు లేని చోట, ముందే చెప్పి, కావాలనే ఒకసారి ఇద్దరూ కలిసి పడండి. లేచి నవ్వితే ఎక్కించుకోండి. ఏడిస్తే ఆ రోజుకి ఇసుకలో ఆడుకోనివ్వండి, మళ్లీ అష్టమికి తీసుకురండి.